ఎదురుకాళ్ల బిడ్డను కడుపులోనే తిప్పొచ్చా? 36వ వారంలో డాక్టర్‌ని అడగాల్సిన మాట

తొమ్మిదో నెల స్కానింగ్ రిపోర్టులో ‘బ్రీచ్’ అనే మాట కనిపిస్తే చాలు, ఇంట్లో మాటలన్నీ ఆపరేషన్ మీదకు మళ్లుతాయి. ఏ రోజు చేయించాలి, ఎంత ఖర్చవుతుంది, దగ్గర ఎవరుంటారు... ఇవే లెక్కలు. ఈ హడావిడిలో చాలా ఇళ్లలో అసలు రాని ప్రశ్న ఒకటుంది. బిడ్డను పొట్ట పైనుంచే తిప్పి, తల కిందకు తెచ్చే వీలుందా?

చాలామందికి ఉంది. డాక్టర్లు దీన్ని ‘ఎక్స్‌టర్నల్ సెఫాలిక్ వెర్షన్’ అంటారు. పొట్టిగా ఈసీవీ. కోత ఉండదు, కుట్లు ఉండవు. ప్రయత్నించిన వాళ్లలో దాదాపు సగం మందికి బిడ్డ తిరుగుతుంది. అయితే దీనికి సరైన సమయం కొద్ది రోజులే. ఆ రోజుల్లో అడగకపోతే అవకాశం చేజారిపోవచ్చు. అందుకే ఈ వివరాలు గర్భిణులకే కాదు, భర్తకీ అత్తగారికీ అమ్మకీ కూడా తెలియాలి.

బ్రీచ్ అంటే ఏమిటి?

మామూలుగా కాన్పు సమయానికి బిడ్డ తల కిందకు, కాళ్లు పైకి ఉంటాయి. అలా కాకుండా పిర్రలు గానీ కాళ్లు గానీ కింద ఉంటే బ్రీచ్. మన పల్లెల్లో ‘ఎదురుకాళ్లు’ అంటారు. పాతబస్తీ ఇళ్లలో ‘బచ్చా ఉల్టా హై’ అంటారు. అలా పుట్టిన వాళ్లు కాలితో తాకితే నడుం పట్టు పోతుందనే నమ్మకం తెలుగు ఇళ్లలోనూ ఉంది, ఉర్దూ మాట్లాడే ఇళ్లలోనూ ఉంది.

ఇందులో మూడు రకాలున్నాయి. పిర్రలు కింద ఉండి, కాళ్లు రెండూ నిటారుగా ముఖం వైపు చాచి ఉండటం మొదటిది. నెలలు నిండాక ఎక్కువగా కనిపించేది ఇదే. బాసింపట్టు వేసుకున్నట్టు కాళ్లు ముడుచుకుని కూర్చోవడం రెండోది. ఒక పాదం గానీ రెండు పాదాలు గానీ ముందుగా కిందకు దిగి ఉండటం మూడోది.

ఆరు, ఏడు నెలల స్కానింగ్‌లో బ్రీచ్ అని వస్తే కంగారు పడాల్సిన పని లేదు. 28 వారాలప్పుడు నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరు అలాగే ఉంటారు. తర్వాత చాలామంది తమంతట తామే తిరిగిపోతారు. నెలలు నిండేసరికి బ్రీచ్‌గా మిగిలేది నూటికి 3 లేదా 4 మందే.

ఎందుకు తిరగదు?

చాలా కేసుల్లో చెప్పుకోదగ్గ కారణమేమీ దొరకదు. కొందరిలో ఉమ్మనీరు మరీ తక్కువగా ఉంటుంది, కొందరిలో మరీ ఎక్కువగా ఉంటుంది. గర్భసంచిలో గడ్డలు, గర్భసంచి ఆకారంలో తేడా, మాయ కిందకు ఉండటం, కవలలు, నెలలు నిండకపోవడం కూడా కారణాలు కావచ్చు. తల్లి ఏదో బరువు ఎత్తిందనో, ఎక్కువ నడిచిందనో, గ్రహణం చూసిందనో ఇంట్లో అంటుంటారు. బిడ్డ తిరగకపోవడానికి వీటితో సంబంధం లేదు. ఇది తల్లి చేసిన తప్పు కాదు.

పక్కటెముకల కింద గట్టిగా, గుండ్రంగా తల తగులుతోందనీ, తన్నులు పొత్తికడుపు కింద తెలుస్తున్నాయనీ కొందరు తల్లులు చెబుతారు. డాక్టర్ లేదా నర్సు చేత్తో చూసి అనుమానపడతారు. కానీ ఖాయం చేయాల్సింది స్కానింగే.

ఎప్పుడు చేస్తారు?

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆబ్‌స్టెట్రీషియన్స్ అండ్ గైనకాలజిస్ట్స్ సూచన ప్రకారం తొలి కాన్పు అయితే 36 వారాల నుంచి, ఇంతకుముందు కాన్పు అయిన వాళ్లకు 37 వారాల నుంచి ఈసీవీ చేయవచ్చు. అమెరికా డాక్టర్ల సంఘం 37 వారాలు నిండాక అంటుంది. ఈ వారాలు చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క.

ఇంకా ముందే ఎందుకు చేయరంటే, అప్పటికి బిడ్డ తనంతట తానే తిరిగే అవకాశం మిగిలే ఉంటుంది. తిప్పినా మళ్లీ వెనక్కి తిరిగిపోవచ్చు. పైగా తిప్పేటప్పుడు ఏదైనా తేడా వచ్చి వెంటనే కాన్పు చేయాల్సి వస్తే, బిడ్డ నెలలు నిండి ఉండటం మంచిది. 36 దాటాక తనంతట తానే తిరగడం బాగా తగ్గిపోతుంది. తొలి కాన్పు తల్లుల్లో అది నూటికి 8 మందికి మించదని అంచనా.

37 వారాలు దాటిపోయాయంటే తలుపు మూసుకున్నట్టే అనుకోవద్దు. 38, 39 వారాల్లోనూ ప్రయత్నించవచ్చు. ఉమ్మనీటి సంచి పగలకుండా ఉంటే నొప్పులు మొదలైన తొలి దశలో కూడా కొన్ని ఆస్పత్రుల్లో చేస్తారు. కాకపోతే రోజులు గడిచేకొద్దీ బిడ్డ పెరుగుతుంది, నీరు తగ్గుతుంది, పిర్రలు కటిలోకి దిగుతాయి. పని కష్టమవుతుంది.

ఎలా చేస్తారు?

ఆపరేషన్ థియేటర్ అందుబాటులో ఉన్న ఆస్పత్రిలోనే చేయాలి. క్లినిక్‌లోనో ఇంట్లోనో చేసే పని కాదు.

మొదట స్కానింగ్ చేసి బిడ్డ ఎలా ఉంది, మాయ ఎక్కడుంది, నీరు ఎంత ఉంది చూస్తారు. పొట్టకు బెల్టులు కట్టి బిడ్డ గుండె చప్పుడు కొంతసేపు రికార్డు చేస్తారు. మూత్రం పోసి రమ్మంటారు. గర్భసంచి గట్టిపడకుండా వదులు చేసేందుకు చాలాచోట్ల టెర్బ్యుటలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. దీనివల్ల కాసేపు గుండె దడగా, చేతులు వణుకుతున్నట్టుగా ఉండొచ్చు. తర్వాత తగ్గిపోతుంది. గుండె జబ్బు, షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

తల్లి వెల్లకిలా, కొంచెం పక్కకు వాలి పడుకుంటుంది. పొట్టకు జెల్ లేదా నూనె రాస్తారు. డాక్టర్ ఒక చేత్తో బిడ్డ పిర్రలను కటి భాగం నుంచి పైకి లేపుతారు. రెండో చేత్తో తలను పట్టి కిందకు నడిపిస్తారు. పిల్లలు పల్టీ కొట్టినట్టు బిడ్డ మెల్లగా ముందుకు దొర్లుతుంది. అటు తిరగకపోతే వెనక్కి పల్టీ ప్రయత్నిస్తారు. మధ్యమధ్యలో ఆపి గుండె చప్పుడు చూస్తూనే ఉంటారు. చేతులు పెట్టి తిప్పే సమయం మొత్తం కలిపినా కొద్ది నిమిషాలే.

నొప్పి ఉంటుందా? కొందరికి ఒత్తిడిలా మాత్రమే ఉంటుంది. కొందరికి గట్టిగానే నొప్పి వస్తుంది. ఓర్చుకోలేకపోతే ‘ఆపండి’ అనే హక్కు తల్లికి ఎప్పుడూ ఉంది. అన్న వెంటనే ఆపేయాలి.

అయిపోయాక మళ్లీ స్కానింగ్ చేసి బిడ్డ తిరిగిందో లేదో చూస్తారు. గుండె చప్పుడు మళ్లీ రికార్డు చేస్తారు. అంతా బాగుంటే అదే రోజు ఇంటికి పంపిస్తారు.

పర్దా పాటించే మహిళలు అడిగే మాట ఒకటుంది. ఇందులో పొట్ట భాగం వరకే బయట ఉంటే చాలు, మిగతాది కప్పుకోవచ్చు. లేడీ డాక్టర్ కావాలని ముందే అడగొచ్చు. భర్తో, తల్లో పక్కన ఉండొచ్చా అనేది కూడా ఆస్పత్రిని అడగండి.

ఎంతమందికి పనిచేస్తుంది?

మొత్తం మీద సగం మందికి. విడదీసి చూస్తే తొలి కాన్పు తల్లుల్లో నూటికి 40 మందికి, ఇంతకుముందు కాన్పయిన వాళ్లలో నూటికి 60 మందికి బిడ్డ తిరుగుతుంది. ఒకసారి తిరిగిన బిడ్డ మళ్లీ ఎదురుకాళ్లకు రావడం అరుదు. నూటికి 3 మందిలోనే అలా జరుగుతుంది.

ఉమ్మనీరు సరిపడా ఉండటం, పిర్రలు ఇంకా కటిలోకి దిగకపోవడం, పొట్ట వదులుగా ఉండటం అనుకూలమైన విషయాలు. తల్లి బరువు బాగా ఎక్కువగా ఉన్నా, మాయ ముందు గోడకు ఉన్నా, బిడ్డ కాళ్లు నిటారుగా చాచి ఉన్నా కొంచెం కష్టం. కానీ ఇవి ఉన్నంత మాత్రాన తిరగదని ఎవరూ ముందే చెప్పలేరు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. బిడ్డ తిరిగిందంటే నార్మల్ డెలివరీ గ్యారంటీ అని కాదు. మొదటి నుంచీ తల కింద ఉన్న బిడ్డలతో పోలిస్తే, ఇలా తిప్పిన వాళ్లలో సిజేరియన్ అవసరం కొంచెం ఎక్కువే. అయినా నేరుగా ఆపరేషన్‌కు వెళ్లడంతో పోలిస్తే నార్మల్ అయ్యే అవకాశం చాలా పెరుగుతుంది.

ప్రమాదం ఎంత?

ఇంట్లో పెద్దవాళ్ల మొదటి భయం ఇదే. బిడ్డకు ఏమైనా అవుతుందేమో, పేగు మెడకు చుట్టుకుంటుందేమో అని. తిప్పేటప్పుడు బిడ్డ గుండె వేగం కాసేపు తగ్గడం తరచూ కనిపించేదే, ఆపగానే చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా, రక్తస్రావం అయినా, మాయ విడిపోతున్న అనుమానం వచ్చినా వెంటనే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. ఇలా జరిగేది 200 మందిలో ఒకరికి. అందుకే థియేటర్ దగ్గర్లో ఉండాలనేది షరతు.

తల్లి రక్తం నెగటివ్ గ్రూప్ అయితే ఈసీవీ తర్వాత 72 గంటల్లోగా యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం పడుతుంది. ఓ నెగటివ్, బి నెగటివ్ వంటి గ్రూపు వాళ్లు డాక్టర్ అడిగేదాకా ఆగకుండా తామే గుర్తు చేయడం మంచిది.

ఇంటికి వచ్చాక రక్తం కనిపించినా, నీరు పోయినా, ఆగకుండా కడుపునొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. తెల్లారే దాకా ఆగవద్దు.

ఎవరికి చేయకూడదు?

మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా ఉన్నవాళ్లకు, మరో కారణంతో ఎలాగూ సిజేరియన్ తప్పని వాళ్లకు, ఈమధ్యే రక్తస్రావం అయిన వాళ్లకు, ఉమ్మనీటి సంచి పగిలిన వాళ్లకు చేయరు. కడుపులో ఇద్దరు బిడ్డలున్నా, బిడ్డ గుండె రికార్డు సరిగ్గా లేకపోయినా, గర్భసంచి ఆకారంలో పెద్ద తేడా ఉన్నా, బీపీ ప్రమాదకర స్థాయిలో ఉన్నా చేయరు.

నీరు బాగా తక్కువగా ఉన్నా, బిడ్డ సరిగ్గా ఎదగకపోయినా డాక్టర్ ఆలోచించి చెబుతారు. ఇంతకుముందు సిజేరియన్ అయిన వాళ్లకు ఒకప్పుడు వద్దనే వాళ్లు. ఇప్పుడు వాళ్లకు కూడా కేసును బట్టి చేసే డాక్టర్లున్నారు.

తిరగకపోతే?

రెండు దారులున్నాయి. 39వ వారంలో ముందే తేదీ పెట్టుకుని చేసే సిజేరియన్ ఒకటి. అనుభవమున్న డాక్టర్ల చేతిలో ఎదురుకాళ్ల నార్మల్ కాన్పు రెండోది.

ఒకప్పుడు రెండోది మామూలే. 2000లో ‘లాన్సెట్’ పత్రికలో ‘టర్మ్ బ్రీచ్ ట్రయల్’ వచ్చింది. 26 దేశాల్లో 2,088 మంది తల్లులపై చేసిన అధ్యయనమిది. బిడ్డ చనిపోవడం లేదా తీవ్రంగా దెబ్బతినడం సిజేరియన్ ప్లాన్ చేసిన వాళ్లలో 1.6 శాతం, నార్మల్ ప్లాన్ చేసిన వాళ్లలో 5 శాతం అని తేలింది. దాంతో ప్రపంచమంతా డాక్టర్లు బ్రీచ్ అంటే సిజేరియన్ వైపు వెళ్లిపోయారు. ఆ అధ్యయనంపై తర్వాత విమర్శలూ వచ్చాయి. ఈలోగా ఎదురుకాళ్ల కాన్పు చేసే చేతులు తగ్గిపోయాయి.

బ్రిటన్ కాలేజీ 2017లో ఇచ్చిన లెక్క ఇలా ఉంది. బిడ్డ చనిపోయే ప్రమాదం 39 వారాల తర్వాత ప్లాన్ చేసిన సిజేరియన్‌లో వెయ్యికి 0.5. ప్లాన్ చేసిన ఎదురుకాళ్ల నార్మల్ కాన్పులో వెయ్యికి 2. తల కింద ఉన్న మామూలు కాన్పులో వెయ్యికి 1. మూడూ చిన్న అంకెలే. కానీ అనుభవం లేని చోట ఎదురుకాళ్ల కాన్పు ప్రయత్నించడం ప్రమాదం. బిడ్డ తిరగనప్పుడు సిజేరియన్ మంచి మార్గమే, అందులో తప్పేమీ లేదు. ముందు తిప్పే ప్రయత్నం గురించి తల్లికి చెప్పారా లేదా అన్నదే ప్రశ్న.

ఇంటి చిట్కాలు, దాయి చేతులు

సజ్దాలో ఉన్నట్టు మోకాళ్ల మీద వంగి, నడుము పైకి పెట్టి కాసేపు ఉంటే బిడ్డ తిరుగుతుందని చాలామంది చెబుతారు. డాక్టర్ వద్దనకపోతే దీనివల్ల నష్టం లేదు. కానీ పనిచేస్తుందని చెప్పే గట్టి ఆధారం లేదు. కాలి చిటికెన వేలి దగ్గర మూలిక కాల్చి సెగ చూపించే చైనా పద్ధతి కూడా ఉంది. దానిపై అధ్యయనాలు జరిగినా ఫలితాలు ఒకేలా లేవు. ఇవి చేస్తూ 36, 37 వారాలు దాటబెట్టడమే అసలు నష్టం.

మంత్రసాని లేదా దాయి చేత నూనె రాయించి బిడ్డను తిప్పించడం మాత్రం అస్సలు వద్దు. చేతులు పైకి ఒకేలా కనిపించొచ్చు, తేడా చుట్టూ ఉన్న ఏర్పాట్లలో ఉంది. ఇంట్లో మాయ ఎక్కడుందో తెలియదు. గుండె చప్పుడు చూసే యంత్రం ఉండదు. ఏదైనా అయితే నిమిషాల్లో ఆపరేషన్ చేసే థియేటర్ ఉండదు.

నిజానికి బిడ్డను తిప్పాలనే ఆలోచన కొత్తది కాదు. సుశ్రుత సంహితలో అడ్డం తిరిగిన గర్భాల గురించి వివరంగా ఉంది. వెయ్యేళ్ల కిందట స్పెయిన్‌లోని కార్డోబాకు చెందిన హకీం అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన ‘అల్ తస్రీఫ్’లో బిడ్డ తలకిందులుగా లేనప్పుడు మంత్రసాని ఏం చేయాలో రాశారు. పొట్ట పైనుంచి తిప్పే పద్ధతిని 1807లో జర్మన్ డాక్టర్ విగాండ్ వివరించారు. స్కానింగ్, గుండె రికార్డు, వదులు చేసే మందు తోడయ్యాక అది ఇప్పుడున్నంత సురక్షితమైంది.

మన దగ్గర ఈ మాట ఎందుకు ముఖ్యం?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తెలంగాణలో 60.7 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం, అంటే ఐదుగురిలో నలుగురికి ఆపరేషనే.

ఇదంతా బ్రీచ్ వల్ల కాదు. నూటికి ముగ్గురు నలుగురున్న బ్రీచ్ కేసులు 60 శాతానికి కారణం కాలేవు. ఈసీవీతో ఈ అంకె ఒక్కసారిగా పడిపోదు కూడా. కానీ తొలి కాన్పులో కోత పడిన తల్లికి రెండో కాన్పులోనూ కోత పడే అవకాశం ఎక్కువ. ప్రతి ఆపరేషన్‌తో తర్వాతి గర్భంలో మాయ పాత కుట్ల మీద అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. నార్మల్‌కు ప్రయత్నిస్తే పాత కోత దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం 200 మందిలో ఒకరికి ఉంటుంది. ముగ్గురు, నలుగురు పిల్లలు కావాలనుకునే కుటుంబానికి తొలి కోత తప్పించుకోవడం ఆ ఒక్క కాన్పు లెక్క కాదు, తర్వాతి కాన్పులన్నింటి లెక్క.

డాక్టర్‌ని ఏం అడగాలి?

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో ‘ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్’ కింద గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. అక్కడైనా, ప్రైవేటులోనైనా 36వ వారంలో ఈ ప్రశ్నలు అడగండి. అవసరమైతే చీటీ మీద రాసుకుని వెళ్లండి.

1. బిడ్డ తల ఇప్పుడు ఎటు ఉంది? స్కానింగ్‌లో చూశారా?
2. మాయ ఎక్కడుంది, నీరు సరిపడా ఉందా?
3. నాకు ఈసీవీ చేయవచ్చా? చేయకూడదంటే కారణం ఏమిటి?
4. ఇక్కడ చేస్తారా? లేకపోతే చేసే ఆస్పత్రికి రాసిస్తారా?
5. చేసేవాళ్లు ఇంతకుముందు ఎన్ని చేశారు? థియేటర్ సిద్ధంగా ఉంటుందా?
6. ఖర్చు ఎంత? తిరగకపోతే ఆపరేషన్ ఎప్పుడు పెడతారు?

‘మా దగ్గర చేయం’ అనే జవాబు, ‘మీకు చేయకూడదు’ అనే జవాబు ఒకటి కాదు. మొదటిది విన్నప్పుడు ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోవచ్చు. రెండోది విన్నప్పుడు కారణం అడిగి తెలుసుకోవచ్చు.

బ్రీచ్ ఉండగా నీరు పోతే

నొప్పులు లేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లాలి. ముఖ్యంగా పాదాలు కిందకు ఉన్న బిడ్డల్లో బొడ్డుతాడు ముందుగా జారే ప్రమాదం ఉంటుంది. తాడు బయటకు కనిపిస్తే దాన్ని లోపలికి నెట్టొద్దు, పట్టుకుని లాగొద్దు. తల్లిని మోకాళ్ల మీద వంచి, తల కిందకు, నడుము పైకి ఉండేలా ఉంచి ఒక్క నిమిషం కూడా ఆలస్యం లేకుండా తీసుకెళ్లాలి.

పుట్టాక మర్చిపోకూడనిది

చివరి వారాల్లో ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డల్లో తుంటి కీలు సరిగ్గా కుదరకపోవడం కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. ఈసీవీతో తిప్పినా, సిజేరియన్ అయినా ఇది వర్తిస్తుంది. బిడ్డకు దాదాపు ఆరు వారాలు వచ్చేసరికి తుంటి అల్ట్రాసౌండ్ చేయించాలా అని పిల్లల డాక్టర్‌ని అడగండి. తొందరగా కనిపెడితే చాలావరకు బెల్టుతోనే సరిచేస్తారు. ఆలస్యమైతే నడక వచ్చే వయసులో ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. డిశ్చార్జి కాగితంలో ‘బ్రీచ్’ అని రాసి ఉందో లేదో చూసుకుని, లేకపోతే రాయించుకోండి. టీకాలకు వెళ్లినప్పుడు ఆ కాగితాన్ని పిల్లల డాక్టర్‌కి చూపించండి.